పైన ఎవరూ లేనివాడు: రష్యా పాలకుల బిరుదుల కథ

మాస్కోలో అచ్చయి మన ఊళ్లకు వచ్చిన తెలుగు పుస్తకాలు చదివిన తరానికి 'జారు' అనే మాట కొత్తేమీ కాదు. విశాలాంధ్ర పుస్తకాల షాపులో చవగ్గా దొరికిన ఆ పుస్తకాల్లోనే నేనూ దాన్ని మొదట చూశాను. చూసిన రోజు నుంచే ఒక తికమక పట్టుకుంది. ఒకే మనిషి ఒక పేజీలో జారు, రెండు పేజీలు తిప్పితే చక్రవర్తి, ఇంకోచోట నిరంకుశ ప్రభువు. ఆయన తమ్ముడేమో గ్రాండ్ డ్యూక్. ఆయన కొడుకు జారెవిచ్. నాలుగైదు వందల ఏళ్లు వెనక్కి వెళితే అదే మాస్కోను ఏలినవాడు జారూ కాదు, చక్రవర్తీ కాదు, 'మహా రాజకుమారుడు'. సింహాసనం మీద కూర్చున్నవాడు ఇంకా రాజకుమారుడే ఎలా అయ్యాడో నాకు అంతుపట్టేది కాదు.

చాలా ఏళ్ల తర్వాత రష్యా చరిత్ర కొంచెం నిదానంగా చదువుకున్నాక చిక్కు విడిపోయింది. ఇవన్నీ ఒకే పదవికి పర్యాయపదాలని నేను అనుకోవడంలోనే పొరపాటు ఉంది. ఒక్కో బిరుదు ఒక్కో కాలంలో పుట్టింది. కానీ అన్నీ ఒకే ప్రశ్నకు జవాబు చెబుతాయి: నీ పైన ఎవరున్నారు? ఆ ప్రశ్న చేత్తో పట్టుకుని నడిస్తే దాదాపు వెయ్యేళ్ల రష్యా రాజకీయం దారి తప్పకుండా అర్థమవుతుంది.

సీజర్ ఇంటిపేరు

ముందు ఉచ్చారణ సంగతి. రష్యన్‌లో ఈ మాట 'జ'తో మొదలవదు. మనం చాప, చాలు, చుట్టం అనేటప్పుడు పలికే దంత్య చకారం ఉంది కదా, పాత పుస్తకాల్లో ౘ అని పైన గుర్తు పెట్టి రాసేవారు, దాదాపు ఆ శబ్దమే. కాబట్టి 'ౘార్' అని సరిగ్గా పలకడం తెలుగువాళ్లకు చాలా తేలిక. మాట ఇంగ్లిష్ మీదుగా రావడంతో మన దగ్గర 'జారు' అయి స్థిరపడిపోయింది. అలవాటైన రూపం కాబట్టి ఇక్కడ నేనూ జారు అనే రాస్తాను.

దీని మూలం జూలియస్ సీజర్ పేరు. పాత లాటిన్‌లో దాన్ని 'కైసర్' అని పలికేవారు. తెలుగు బైబిల్ చదివేవారికి 'కైసరువి కైసరునకు' అన్న మాట తెలిసే ఉంటుంది. ఆ కైసరే ఈయన. ఒక కుటుంబం పేరు కాస్తా రోమ్ పాలకుల పదవి పేరయింది. జర్మన్లు దాన్ని కైజర్ అన్నారు. స్లావుల నోట 'త్సెసార్' అయి, వాడగా వాడగా నలిగి 'త్సార్' దగ్గర ఆగింది. స్లావులకు ఇది గోథులనే జర్మానిక్ తెగ ద్వారా చేరిందని చాలామంది భాషావేత్తలు అంటారు. ఈ బిరుదును మొదట పెట్టుకున్నది రష్యన్లు కాదు. బల్గేరియా పాలకుడు సిమియోన్ 10వ శతాబ్దం మొదట్లోనే జారు అనిపించుకున్నాడు. సెర్బియాకు చెందిన స్తెఫాన్ దుషాన్ 1346లో ఆ పేరుతో పట్టాభిషేకం చేసుకున్నాడు.

ఆ ఇంటిపేరు మన దేశానికీ వచ్చింది. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో విక్టోరియా రాణిని భారత సామ్రాజ్ఞిగా ప్రకటించినప్పుడు దేశభాషల్లో ఆమెకు ఎంచిన బిరుదు 'కైసర్-ఇ-హింద్'. గాంధీజీ 1915లో అందుకుని 1920లో తిరిగి ఇచ్చేసిన పతకం పేరు కూడా అదే. పీటర్స్‌బర్గ్‌లో జారు, బెర్లిన్‌లో కైజర్, లండన్‌లో కైసర్-ఇ-హింద్. ముగ్గురూ వాడుకున్నది ఒకే రోమన్ ఇంటిపేరు.

రాజుకు రాజకుమారుడని పేరెలా వచ్చింది

జారు కంటే ముందు రష్యన్ నేల మీద పాలకుడికి ఉన్న మాట 'క్న్యాజ్'. దీన్ని ఇంగ్లిష్‌లో ప్రిన్స్ అని అనువదించారు. అక్కడి నుంచి తెలుగులోకి వచ్చేసరికి రాజకుమారుడైంది. ఇంగ్లిష్ ప్రిన్స్‌కు రాజు కొడుకు అనే కాక, సొంతంగా నేలను ఏలే ప్రభువు అనే అర్థం కూడా ఉంది. మన అనువాదాలు మొదటి అర్థాన్ని పట్టుకున్నాయి. అసలు మాట పుట్టుక చూస్తే వింతగా ఉంటుంది. పాత జర్మానిక్ 'కునింగజ్' నుంచి స్లావులు తెచ్చుకున్నదే క్న్యాజ్. ఇంగ్లిష్ కింగ్, జర్మన్ క్యోనిగ్ కూడా ఆ వేరు నుంచే మొలిచాయి. అంటే పుట్టుక ప్రకారం క్న్యాజ్ అంటే రాజే.

కీవ్ ముఖ్య నగరంగా ఉన్న తొలి కాలంలో ర్యూరిక్ అనే మూలపురుషుడి వంశం వాళ్లంతా క్న్యాజ్‌లే. అన్నదమ్ములు, బాబాయిలు, వాళ్ల కొడుకులు తలా ఒక పట్టణం ఏలేవారు. వాళ్లలో పెద్దవాడు 'వెలీకీ క్న్యాజ్'. వెలీకీ అంటే మహా, పెద్ద. ఉమ్మడి కుటుంబంలో పెద్దాయనకు ఉండే స్థానం లాంటిది ఆయనది. గౌరవం ఉంది, మాట చెల్లుబాటు ఉంది, కానీ తమ్ముళ్లు ఎదురు తిరిగితే చేయగలిగింది కొంతే.

ఆ మాట చాలదని వాళ్లకూ అనిపించినట్టుంది. 839 నాటి ఒక ఫ్రాంక్ రాజ్య వార్షిక చరిత్రలో 'రోస్' జనం తమ పాలకుణ్ని కాగన్ అంటారని ఉంది. 11వ శతాబ్దంలో కీవ్ మెట్రోపాలిటన్ ఇలారియోన్ తన ప్రసిద్ధ ప్రసంగంలో వ్లదీమిర్‌ను కాగన్ అనే కీర్తించాడు. కాగన్ స్టెప్పీ గడ్డి మైదానాల మాట, అక్కడి ఖజార్లనే జనం అధిపతి బిరుదు. 988లో జనాన్ని క్రైస్తవంలోకి నడిపించిన పాలకుణ్ని ఒక క్రైస్తవ మతపెద్ద ఇలా స్టెప్పీ బిరుదుతో పొగడటం నాకు చాలా ఆసక్తిగా అనిపిస్తుంది. క్న్యాజ్‌ను మించిన గౌరవం చూపించడానికి దగ్గర్లో దొరికిన పెద్ద మాట అదన్నమాట.

క్న్యాజ్‌కు తర్వాత పట్టిన గతి మనకు బాగానే అర్థమవుతుంది. ఆ బిరుదు తండ్రి నుంచి పెద్ద కొడుక్కి ఒక్కడికే వెళ్లదు, కొడుకులందరికీ వస్తుంది. కూతుళ్లు క్న్యాజ్నలు అవుతారు. తరాలు గడిచేకొద్దీ నేల ముక్కలైంది, క్న్యాజ్‌లు వందలయ్యారు. 18వ శతాబ్దం మొదట్లో ఏలిన మహా పీటర్ కాలం నుంచి పాలకుడు తనకు నచ్చినవాళ్లకూ ఇవ్వడం మొదలుపెట్టాడు. 1707లో పీటర్ ఆప్తుడు మెన్షికోవ్‌కు అలా వచ్చింది. రాజు అనే అర్థమున్న 'రాయ' మన దగ్గర 'రావు' అయి ఎన్ని వేల పేర్ల చివర చేరిందో గుర్తు చేసుకుంటే చాలు.

పైనున్నవాళ్లు ఇద్దరు

ఆ కాలంలో రష్యన్లు జారు అనే మాటను తమ పాలకుడికి మామూలుగా వాడేవారు కాదు. అది పైనున్నవాడి మాట. కాన్‌స్టాంటినోపుల్‌లోని బైజాంటియన్, అంటే తూర్పు రోమన్ చక్రవర్తి జారు. ఆ నగరాన్నే వాళ్లు త్సార్‌గ్రాద్, అంటే జారు నగరం అనేవారు. స్లావిక్ బైబిల్లో దావీదు జారు, సొలొమోను జారు, దేవుడు పరలోకపు జారు. చర్చికి వెళ్లే ప్రతి ఒక్కరి చెవినీ ఆ మాట ఇలాగే పడేది. ఈ మతపరమైన బరువు గుర్తుంచుకోవాలి. లేకపోతే తర్వాత జరిగిన గొడవలన్నీ మాటల పట్టింపుల్లా కనిపిస్తాయి.

1237 నుంచి 1240 వరకు మంగోలులు రష్యన్ పట్టణాలను ఒకదాని తర్వాత ఒకటి నేలమట్టం చేశారు. ఆ తర్వాత రష్యన్ చరిత్రకారులు గోల్డెన్ హోర్డ్ అనే మంగోల్ రాజ్యపు ఖాన్‌ను కూడా జారు అనే రాశారు. ఎవరైతే పైన ఉన్నారో, ఎవరి ముందు తమ ప్రభువు తల వంచాలో, వాడు జారు. వ్లదీమిర్ అనే నగరానికి మహా క్న్యాజ్ కావాలంటే వోల్గా తీరంలోని సరాయ్‌కు వెళ్లి ఖాన్ నుంచి 'యర్లిక్' తెచ్చుకోవాలి. మనకు తెలిసిన మాటల్లో ఫర్మానా. ఆ కాగితం కోసం సొంత బంధువులే ఒకరి మీద ఒకరు ఖాన్‌కు చాడీలు చెప్పుకున్నారు. మాస్కోకు చెందిన ఇవాన్ కలీత పన్నులు వసూలు చేసి సరిగ్గా జమ కట్టి ఖాన్ నమ్మకం సంపాదించాడు. మాస్కో పెరుగుదల అక్కడ మొదలైంది.

15వ శతాబ్దంలో ఈ రెండు కుర్చీలూ ఖాళీ అయ్యాయి. 1453లో కాన్‌స్టాంటినోపుల్ తుర్కుల చేతికి చిక్కింది. 1480లో ఉగ్రా నది ఒడ్డున ఖాన్ అహ్మద్ సైన్యం, మాస్కో సైన్యం ఎదురెదురుగా వారాల తరబడి నిలబడి, చివరికి ఖాన్ వెనక్కి తిరిగాడు. మాస్కో మీద హోర్డ్ పెత్తనం అంతటితో తీరిందని చెబుతారు. పైన ఎవరూ లేరు. మరి ఇప్పుడు మాస్కో ప్రభువును ఏమని పిలవాలి?

ఒక్క మాటతో మునిగిన నగరం

ఆ జవాబు వెతికినవాడు అప్పటి మాస్కో ప్రభువు మూడో ఇవాన్. ఆయన ఎంచుకున్న మాటల్లో ముఖ్యమైనది 'గొసుదార్'. ఇంటికి, పొలానికి, పనివాళ్లకు యజమాని అనే అర్థం నుంచి వచ్చింది. దానికి దగ్గర్లోనే 'గొస్పొదిన్' అనే మరో మాట ఉంది. అది మర్యాద పిలుపు, మనం 'అయ్యగారూ' అన్నట్టు. రెండిటికీ మధ్య ఉన్న తేడా ఏమిటో నొవ్‌గొరొద్ నగరం అనుభవించి తెలుసుకుంది.

నొవ్‌గొరొద్ అప్పటికి ఒక రకమైన వర్తక గణరాజ్యం. 'వేచె' అనే పౌరసభ గంట మోగితే జనం గుమిగూడి నిర్ణయాలు చేసేవారు. క్న్యాజ్‌ను వాళ్లు పిలిపించుకునేవారు, నచ్చకపోతే పంపించేసేవారు. మాస్కో ప్రభువును ఉత్తరాల్లో గొస్పొదిన్ అని సంబోధించడం వాళ్ల ఆనవాయితీ. 1477లో ఆ నగరం నుంచి మాస్కో వచ్చిన ఇద్దరు దూతలు ఇవాన్‌ను గొసుదార్ అన్నారు. పొరపాటున అన్నారో, నగరంలోని మాస్కో అనుకూల వర్గం అనిపించిందో చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఇవాన్ మాత్రం ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు. 'నన్ను గొసుదార్ అన్నారు కదా, మరి ఎలాంటి యజమానిత్వం కోరుకుంటున్నారు?' అని మనుషులను పంపి అడిగించాడు. మేం అలా అనమని చెప్పలేదంటూ వేచె భగ్గుమంది. మాట ఇచ్చి తప్పారని ఇవాన్ సైన్యంతో కదిలాడు.

1478 జనవరిలో నగరం లొంగిపోయింది. ఇవాన్ పెట్టిన షరతులు చదువుతుంటే గొసుదార్ అనే మాటకు నిఘంటువు అర్థం రాస్తున్నట్టే ఉంటుంది. వేచె గంట ఉండకూడదు. ఎన్నుకున్న పెద్ద ఉండకూడదు. యజమానిత్వం అంతా మాది. ఆ గంటను దించి బండి మీద మాస్కోకు తీసుకుపోయారు. ఇప్పటి రష్యన్‌లో 'రాజ్యం', 'ప్రభుత్వ వ్యవస్థ' అనడానికి వాడే 'గొసుదార్స్‌త్వొ' అనే మాట ఈ గొసుదార్ నుంచే వచ్చింది. రాజ్యం అనే మాట పొట్టలోనే యజమాని కూర్చుని ఉన్నాడు. నాకు ఈ మొత్తం కథలో మనసుకు అన్నిటికంటే బరువుగా తగిలే సంగతి ఇదే.

ఇవాన్ వాడిన మరో మాట 'సమొదెర్జెత్స్'. గ్రీకు 'ఆటోక్రాటర్'కు మక్కికి మక్కి స్లావిక్ రూపం. సమ అంటే స్వయంగా, దెర్జ్ అంటే పట్టుకోవడం. తన రాజ్యాన్ని తనే పట్టుకున్నవాడు. తెలుగులో దీన్ని నిరంకుశ ప్రభువు అంటాం. అంకుశం లేని ఏనుగు అనే ఆ బొమ్మ 19వ శతాబ్దపు జార్లకు బాగా అతుకుతుంది. మూడో ఇవాన్ కాలంలో మాత్రం ఆ మాట గురి ప్రజల మీద కాదు, విదేశాల మీద. మేం ఖాన్ చేతి కింద లేం, ఇంకెవరికీ కప్పం కట్టం అని చెప్పడం. 1489లో పవిత్ర రోమన్ చక్రవర్తి ఫ్రెడరిక్ దూత నికొలాస్ పొప్పెల్ వచ్చి, మా చక్రవర్తి మీకు రాజు బిరుదు ఇప్పిస్తాడని ఆశ చూపించాడు. ఇవాన్ ఒప్పుకోలేదు. మా ముత్తాతల నాటి నుంచి దేవుడి దయతో మా నేలకు మేమే ప్రభువులం, ఇంకొకరి నియామకం మాకు అక్కర్లేదు, అనేది ఆయన జవాబు సారాంశం. ఇచ్చేవాడు ఒకడున్నాడంటే, పైన ఒకడున్నాడనే కదా. ఆ మెలిక ఆయనకు వెంటనే తెలిసిపోయింది.

1547, జనవరి 16

ఇవాన్ మనవడు నాలుగో ఇవాన్ 16 ఏళ్ల వయసులో క్రెమ్లిన్‌లోని ఉస్పెన్‌స్కీ కేథడ్రల్‌లో మెట్రోపాలిటన్ మకారీ చేతుల మీదుగా జారుగా పట్టాభిషేకం చేసుకున్నాడు. అంతకుముందు వాళ్లూ అక్కడక్కడా ఆ మాట వాడుకున్నారు గానీ, చర్చిలో కిరీటం పెట్టుకుని అధికారికంగా జారు అయిన మొదటి మాస్కో పాలకుడు ఈయనే. తల మీద పెట్టింది మొనొమాఖ్ టోపీ. బంగారు రేకుల మీద సన్నని తీగపని, అంచున సేబుల్ అనే జంతువు బొచ్చు. బైజాంటియన్ చక్రవర్తి కాన్‌స్టాంటిన్ మొనొమాఖోస్ కీవ్ ప్రభువు వ్లదీమిర్ మొనొమాఖ్‌కు పంపిన కానుక అని మాస్కో ఆస్థానం చెప్పుకునేది. కానీ ఆ చక్రవర్తి 1055లో చనిపోయాడు. వ్లదీమిర్ పుట్టింది 1053లో. రెండేళ్ల పసివాడికి రాజ్యాధికారపు టోపీ ఎవరూ పంపరు. దాని పనితనం చూసి అది గోల్డెన్ హోర్డ్ వైపు నుంచి, తూర్పు నుంచి వచ్చిందని ఎక్కువమంది పండితులు భావిస్తారు. రోమ్ వారసత్వానికి సాక్ష్యంగా చూపించిన వస్తువు బహుశా ఖాన్ల లోకానిదే. మాస్కో జారు అనే పదవిలో ఆ రెండూ కలిసే ఉన్నాయి.

రష్యా గురించి రాసేవాళ్లు ఇక్కడ తప్పకుండా 'మూడో రోమ్' ఊసెత్తుతారు. ప్స్కోవ్ సన్యాసి ఫిలొఫేయ్ రాసిన మాట అది: రెండు రోమ్‌లు పడిపోయాయి, మూడోది నిలబడి ఉంది, నాలుగోది ఉండదు. గొప్ప వాక్యమే. అయితే బిరుదు కోసం విదేశాలతో వాదించేటప్పుడు మాస్కో ఆస్థానం దాని మీద ఆధారపడలేదు. వంశం మీద ఆధారపడింది. ర్యూరిక్ రోమన్ చక్రవర్తి అగస్టస్ బంధువైన ప్రుస్ సంతతి అనే కట్టుకథను ఇవాన్ రాయబారాల్లో గట్టిగా వాడుకున్నాడు.

ఆ వాదన ఎందుకు అవసరమైందో తెలియాలంటే ఇంకో మాట తెలుసుకోవాలి. యూరప్ రాజులను రష్యన్లు 'కొరోల్' అంటారు. షార్లమేన్ అసలు పేరు కార్ల్ నుంచి వచ్చిందది. సీజర్ పేరు జారు అయినట్టే, కార్ల్ పేరు కొరోల్ అయింది. రష్యన్ లెక్కలో కొరోల్ జారు కంటే కింది మెట్టు. పోలండ్‌లో ఉన్నది కొరోల్, స్వీడన్‌లో ఉన్నది కొరోల్. స్వీడన్ రాజు గుస్తావ్ వాసాతో ఇవాన్ నేరుగా ఉత్తరాలు నడపనన్నాడు, నొవ్‌గొరొద్‌లోని తన ప్రతినిధితో మాట్లాడుకోమన్నాడు. పోలండ్-లిథువేనియా వైపు నుంచి దీనికి సమాధానంగా ఇవాన్‌ను దశాబ్దాల పాటు వెలీకీ క్న్యాజ్ అనే పిలిచారు. ఇంగ్లండ్‌కు వ్యాపారం కావాలి కాబట్టి ఉత్తరాల్లో ఏకంగా 'ఎంపరర్' అనేసింది. కాన్‌స్టాంటినోపుల్‌లోని చర్చి అధిపతి పేట్రియార్క్ ఆమోదపత్రం రావడానికి 1561 దాకా పట్టింది. ఈలోగా 1552లో కజాన్, 1556లో ఆస్త్రఖాన్ ఇవాన్ చేతికొచ్చాయి. ఆ రెండిటినీ ఏలినవాళ్లను రష్యన్లు అప్పటికే జార్లు అనేవారు. జార్లను ఓడించి వాళ్ల సింహాసనాలు తీసుకున్నవాడు జారు కాకుండా ఎలా పోతాడు అన్నది మాస్కో వాదన. నాకు ఆ టోపీ కథ కంటే ఇదే బలమైన వాదనగా కనిపిస్తుంది.

ఈ ఇవాన్‌నే తెలుగులో 'భయంకర ఇవాన్' అంటారు. రష్యన్‌లో ఆయన 'గ్రోజ్నీ'. గ్రొజా అంటే ఉరుములు మెరుపుల తుఫాను. భయంతో పాటు భక్తి కూడా కలిసిన మాట. తెలుగులో దానికి సరైన మాట 'ఉగ్ర' అనిపిస్తుంది నాకు. ఉగ్ర నరసింహుణ్ని మనం పూజిస్తాం కదా, ఆ అర్థంలో ఉగ్ర ఇవాన్. ఆయన చేసిన హత్యాకాండ చిన్నదేమీ కాదు, దాన్ని తగ్గించి చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ మాట తిట్టుగా పుట్టలేదని మాత్రమే చెబుతున్నాను.

బిరుదు ఎంత బరువైనదో ఇవాన్‌కు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదేమో. 1575లో ఆయన చెంఘిజ్ ఖాన్ వంశానికి చెంది, బాప్తిస్మం తీసుకున్న సిమియోన్ బెక్‌బులాతొవిచ్‌ను పిలిచి 'సమస్త రష్యా మహా క్న్యాజ్'గా కూర్చోబెట్టాడు. తాను మామూలు మాస్కో క్న్యాజ్‌నన్నాడు. ఆ అక్టోబర్‌లో సిమియోన్‌కు రాసుకున్న అర్జీలో తన పేరు 'ఇవానెత్స్ వసీల్యెవ్' అని, కొడుకుల పేర్లు కూడా అలాగే కుదించి రాశాడు. దొర ముందు బంట్రోతు తనను తాను ఇవానుగాడు అని చెప్పుకున్నట్టు. ఏడాది లోపే సిమియోన్‌ను దించేసి వేరే చోటికి పంపాడు. ఎందుకు చేశాడో ఇప్పటికీ తేలని విషయం. ఒక్కటి గమనించాలి. ఆయన దానం చేసింది మహా క్న్యాజ్ పదవిని. జారు అనే మాట సిమియోన్‌కు ఇవ్వలేదు.

తర్వాతి శతాబ్దంలో బిరుదు పొడవు పెరుగుతూ పోయింది. 1654-55 నాటికి జారు అలెక్సేయ్ 'మహా, చిన్న, శ్వేత రష్యాల' ప్రభువయ్యాడు. ఆ పొడవాటి వరసలో ఒక్క మాట తప్పినా అవమానమే. పోలండ్ నుంచి వచ్చిన పత్రాల్లో జారు బిరుదు పూర్తిగా రాయకపోవడాన్ని 1653లో మాస్కో ప్రజాప్రతినిధుల సభ యుద్ధకారణాల్లో ఒకటిగా లెక్కపెట్టింది.

గ్రీకు వైపు నుంచి లాటిన్ వైపుకు

స్వీడన్‌తో 21 ఏళ్లు సాగిన యుద్ధం 1721లో నిస్తాద్ ఒప్పందంతో ముగిసింది. ఆ అక్టోబర్ 22న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని త్రోయిత్స్కీ కేథడ్రల్‌లో సెనేట్ తరఫున చాన్సలర్ గొలొవ్కిన్ పీటర్‌కు మూడు బిరుదులు సమర్పించాడు: పితృభూమికి తండ్రి, సమస్త రష్యా ఇంపెరాతర్, మహా పీటర్. మూడూ రోమ్ నుంచి ఎత్తుకొచ్చినవే. ఇంపెరాతర్ అంటే మొదట్లో గెలిచి వచ్చిన సేనాపతికి సైనికులు వేసే జేకేక. యుద్ధం గెలిచిన పీటర్‌కు సరిగ్గా సరిపోయింది.

జారు అన్నా సీజర్ వారసత్వమే, ఇంపెరాతర్ అన్నా అదే వారసత్వం. మరి మార్పేమిటి? జారు గ్రీకు చర్చి మీదుగా, ప్రార్థనల మీదుగా వచ్చిన మాట. ఇంపెరాతర్ లాటిన్‌లో, యూరప్ రాయబారులందరికీ అనువాదం అక్కర్లేకుండా అర్థమయ్యే మాట. పీటర్ ముందుగానే రంగం సిద్ధం చేసుకున్నాడు. 1514లో పవిత్ర రోమన్ చక్రవర్తి మాక్సిమిలియన్ మాస్కో ప్రభువు వసీలీకి రాసిన ఉత్తరంలో 'కైజర్' అని సంబోధించిన సంగతి పట్టుకుని, 1718లో ఆ ఉత్తరాన్ని అచ్చు వేయించి పంచాడు. ప్రష్యా, నెదర్లాండ్స్ కొత్త బిరుదును వెంటనే ఒప్పుకున్నాయి. స్వీడన్ 1723లో, తుర్కులు 1739లో, బ్రిటన్, ఆస్ట్రియా 1742లో, ఫ్రాన్స్, స్పెయిన్ 1745లో. పోలండ్ 1764 దాకా ఒప్పుకోలేదు. పవిత్ర రోమన్ చక్రవర్తి కొలువున్న వియన్నాకు ఇది ప్రాణసంకటం. క్రైస్తవ లోకంలో చక్రవర్తి ఒక్కడే, వాడు మా దగ్గరే ఉన్నాడు అన్నది వాళ్ల సిద్ధాంతం.

సొంత దేశంలోనూ కొందరికి ఆ మాట గొంతు దిగలేదు. చర్చి సంస్కరణలను కాదన్న 'పాత విశ్వాసులు' అనే వర్గంవాళ్లు అక్షరాలు లెక్కపెట్టారు. పాత స్లావిక్ లిపిలో అక్షరానికి ఒక అంకె విలువ ఉంటుంది. ఇంపెరాతర్‌లో 'మ' తీసేసి కూడితే 10, 80, 5, 100, 1, 300, 70, 100. మొత్తం 666. బైబిల్లో మృగం అంకె. క్రీస్తు విరోధి తన సంఖ్యను 'మ' వెనక దాచుకున్నాడని వాళ్లు నమ్మారు. జారు అనే మాటను పరలోకపు దేవుడికి కూడా వాడిన జనం వాళ్లు. దాన్ని పక్కనపెట్టి పాలకుడు అన్యమతస్థుల రోమ్ బిరుదు తగిలించుకుంటే వాళ్ల గుండె ఎంత దడదడలాడి ఉంటుందో ఊహించగలను.

అధికారిక పత్రాల్లో జారు కింది వరసకు జారినా ప్రజల నోట పోలేదు. పల్లెల్లో ఆయన చివరి దాకా 'బాత్యుష్క త్సార్', అంటే జారు నాయనే.

ఇక కుటుంబం సంగతి, అనువాదాలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. జారు భార్య త్సరీత్స. 'జారినా' అనేది పశ్చిమ యూరప్ భాషల్లో తయారైన రూపం, రష్యన్‌లో లేదు. జారు కొడుకు త్సరేవిచ్, కూతురు త్సరెవ్న. పీటర్ తర్వాత ఇవి మారిపోయాయి. 1797లో చక్రవర్తి పావెల్ చేసిన వారసత్వ చట్టం నుంచి సింహాసనానికి వారసుడు ఒక్కడే 'త్సెసరేవిచ్'. ఒక్క అక్షరం ఎక్కువున్న ఈ మాట సీజర్‌కు ఇంకా దగ్గర. చివరి వారసుడు, హీమోఫీలియాతో బాధపడిన ఆ చిన్నవాడు అలెక్సేయ్ అసలు బిరుదు ఇదే, పుస్తకాల్లో జారెవిచ్ అని రాస్తారు గానీ. చక్రవర్తి మిగతా కొడుకులు, తమ్ముళ్లు 'వెలీకీ క్న్యాజ్'లు. అంటే పాతకాలపు మాస్కో పాలకుడి బిరుదే. ఇంగ్లిష్ వాళ్లు పాలకుడి విషయంలో గ్రాండ్ ప్రిన్స్ అని, చక్రవర్తి తమ్ముడి విషయంలో గ్రాండ్ డ్యూక్ అని రాయడంతో మనకు రెండు వేర్వేరు పదవుల్లా కనిపించాయి. రష్యన్‌లో రెండూ ఒకటే. వాళ్ల సంఖ్య మరీ పెరిగిపోయి భరణాల ఖర్చు భారమై, 1886లో మూడో అలెగ్జాండర్ ఆ బిరుదును చక్రవర్తుల కొడుకులకు, మగ సంతానం ద్వారా వచ్చిన మనవళ్లకు మాత్రమే పరిమితం చేశాడు.

ప్స్కోవ్ ప్రభువు

చివరి చక్రవర్తి రెండో నికొలాయ్ పూర్తి బిరుదు చదివితే రష్యా గెలుచుకున్న నేలల జాబితా చదివినట్టే ఉంటుంది. సమస్త రష్యాకు, మాస్కో, కీవ్, వ్లదీమిర్, నొవ్‌గొరొద్‌లకు ఇంపెరాతర్, సమొదెర్జెత్స్. కజాన్, ఆస్త్రఖాన్, పోలండ్, సైబీరియా, క్రిమియా, జార్జియాలకు జారు. ప్స్కోవ్‌కు గొసుదార్. స్మొలెన్స్క్, లిథువేనియా, ఫిన్లాండ్‌లకు వెలీకీ క్న్యాజ్. ఆ తర్వాత ఇంకా ఎన్నో. మనం ఇప్పటిదాకా చూసిన మాటలన్నీ అందులో పొరలు పొరలుగా ఉన్నాయి, ఏ పొరనూ తీసేయలేదు. రోజువారీ ప్రకటనల్లో దాన్ని కుదించి 'దేవుడి దయతో మేము, సమస్త రష్యా ఇంపెరాతర్, సమొదెర్జెత్స్, పోలండ్ జారు, ఫిన్లాండ్ మహా క్న్యాజ్, మొదలైనవి, మొదలైనవి, మొదలైనవి' అని మొదలుపెట్టేవారు.

1897 జనాభా లెక్కల ఫారంలో వృత్తి అనే గడిలో నికొలాయ్ 'రష్యన్ నేలకు యజమాని' అని రాశాడు. నొవ్‌గొరొద్ గంట దించిన నాటి భావమే అది, నాలుగు వందల ఏళ్లు దాటినా అలాగే ఉంది. 1905 విప్లవం తర్వాత, 1906 ఏప్రిల్‌లో మౌలిక చట్టాలు తిరగరాసేటప్పుడు చక్రవర్తి అధికారానికి ఉన్న విశేషణాల్లో 'అపరిమిత' అనేది తీసేయాలా వద్దా అని పెద్ద చర్చే జరిగింది. నికొలాయ్‌కు మనసొప్పలేదు, చివరికి తలొగ్గాడు. 'సమొదెర్జెత్స్' మాత్రం వదలలేదు.

1917 మార్చి 2న, పాత కేలండర్ లెక్కలో, ఆయన రైలు ప్స్కోవ్ స్టేషన్‌లో ఆగి ఉంది. ఒకప్పుడు ఆ ఊరికీ నొవ్‌గొరొద్ లాగే వేచె ఉండేది. మూడో ఇవాన్ కొడుకు వసీలీ 1510లో ఆ గంటను కూడా దింపించాడు. ఆ ఊరి గొసుదార్ అనే బిరుదున్న మనిషి ఆ రైలు పెట్టెలో కూర్చుని సింహాసనం వదులుకునే కాగితం మీద సంతకం చేశాడు. టైపు కొట్టిన పత్రం, పెన్సిల్‌తో పెట్టిన సంతకం. ఆ పత్రం 'దేవుడి దయతో మేము' అని మొదలవలేదు. ఇంపెరాతర్ లేదు, పోలండ్ లేదు, ఫిన్లాండ్ లేదు, మొదలైనవి లేవు. పైన ఉన్నది సైనిక ప్రధాన కార్యాలయం పేరు, 'చీఫ్ ఆఫ్ స్టాఫ్‌కు' అనే చిరునామా. కింద ఉన్నది 'నికొలాయ్' అనే పేరు ఒక్కటే.